డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌కి 13ఏ ప్రమోషన్: సీనియర్ అనడానికి కమిటీ అసలు ఏం చూడాలి?

తుంగభద్ర (బెంగళూరు)

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మాది అనంతపురం జిల్లా, ఎం.ఎల్.ఐ.ఎస్‌సీ తిరుపతిలో చేశాను, పీహెచ్‌డీ ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే పూర్తి చేశాను. ఇప్పుడు యూజీసీ జీతాల శ్రేణిలో లెవెల్ 12లో ఉన్నాను, ఆ గ్రేడులో మూడేళ్లు ఈ ఏడాదితో నిండుతున్నాయి కాబట్టి క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, అంటే సర్వీసులో ఉన్నవాళ్లకి ప్రమోషన్ ఇచ్చే పథకం) కింద పై లెవెల్ 13ఏకి దరఖాస్తు పెట్టుకోవాలి.

మా ప్రిన్సిపాల్ గారు మంచివారు. "యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో ఉన్నది కనీస అర్హత, దాని పైన ఒక సీనియర్ లైబ్రేరియన్ ఏం చేసి ఉండాలో మీరే ఒక నోట్ రాసివ్వండి, సెలెక్షన్ కమిటీ ముందు పెడదాం, మీ తర్వాత వచ్చేవాళ్లకి కూడా పనికొస్తుంది" అన్నారు. అవకాశం మంచిదే కానీ రాయడానికి కూర్చుంటే రెండు వైపుల నుంచి లాగుతున్నారు.

ఒకవైపు ఇద్దరు హెచ్ఓడీలు. వాళ్ల మాట ఏంటంటే జీతం అసోసియేట్ ప్రొఫెసర్‌తో సమానం అయినప్పుడు పరిశోధన పేపర్లు కూడా అలాగే ఉండాలి, కనీసం ఐదో ఆరో అని నోట్‌లో రాయండి అని. నాకు పేపర్లు ఉన్నాయి కానీ అన్ని లేవు. లైబ్రరీలో నేను, ఇద్దరు అటెండర్లు, అంతే. ఇష్యూ కౌంటర్‌లో ఒకరు సెలవు పెడితే నేనే కూర్చుంటాను.

రెండోవైపు మేనేజ్‌మెంట్. వాళ్లకి కనిపించేది ఒక్కటే, కనిపించకుండా పోయిన పుస్తకాలు. మా దగ్గర సుమారు 42,000 పుస్తకాలు ఉన్నాయి. ఈమధ్య చేసిన స్టాక్ వెరిఫికేషన్‌లో 290 దాకా లెక్కకి రాలేదు, అంటే 0.69 శాతం. కోవిడ్ తర్వాత కాలేజీలు తెరిచినప్పుడు నేను అడిగి మరీ ఓపెన్ యాక్సెస్ (పిల్లలే బీరువాల దగ్గరికి వెళ్లి పుస్తకం తీసుకునే పద్ధతి) పెట్టించాను, అంతకుముందు స్లిప్ రాసిస్తే అటెండర్ తెచ్చిచ్చే పద్ధతి. ఓపెన్ చేశాక ఇష్యూలు బాగా పెరిగాయి, ఇప్పుడు ఏడాదికి 31,000 దాకా ఉంటున్నాయి. పిల్లలు బీరువాల మధ్య నేల మీద కూర్చుని చదువుకుంటున్నారు. అది ఎవరూ అడగరు. 290 గురించే అడుగుతారు. మళ్ళీ మూసేయండి, అప్పుడు మీ ప్రమోషన్‌కి కూడా ఇబ్బంది ఉండదు అని ఒకరు సలహాగానే చెప్పారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

ఆ రెగ్యులేషన్స్‌లో లైబ్రేరియన్ల పనిని అంచనా వేసే టేబుల్ 4 ముందు పెట్టుకుని ఎన్నోసార్లు చదివాను. హాజరు ఉంది, సెమినార్లు ఉన్నాయి, కాటలాగ్ కంప్యూటర్‌లో ఎంత శాతం ఎక్కిందో ఉంది, పోయిన పుస్తకాల శాతం ఉంది. ఎంతమంది చదివారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. నోట్‌లో నేను రాయాలనుకునేది సరిగ్గా దాని గురించే. అలా రాయొచ్చా? రాస్తే కమిటీ ఒప్పుకునేలా ఎలా రాయాలి? ఈ దారిలో ముందే వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. పోయిన పుస్తకాల సంగతి ఎలా వివరించాలో కూడా.

చేపాక్ పెద్దాయన (చెన్నై)

అమ్మా, నేను చెన్నైలో యూనివర్సిటీ లైబ్రరీ సర్వీసులో రిటైర్ అయ్యాను, కాలేజీ లైబ్రేరియన్ల క్యాస్ కమిటీల్లో బయటి సభ్యుడిగా కూర్చున్నవాణ్ణి. మీ పోస్ట్ చదివాక ముందు ఒక విషయం చెప్పాలి, మీరు భయపడుతున్నంత ప్రమాదం ఆ 0.69లో లేదు.

టేబుల్ 4ని మళ్ళీ చదవండి. పోయినవి 0.5 శాతం లోపు ఉంటే గుడ్, 1 శాతం లోపు ఉంటే శాటిస్‌ఫ్యాక్టరీ. మీది శాటిస్‌ఫ్యాక్టరీ. ఇప్పుడు కింద మొత్తం గ్రేడింగ్ ఎలా ఇస్తారో చూడండి. ఒకటో అంశం, అంటే హాజరు, గుడ్ అయి, ఇంకో రెండు అంశాల్లో గుడ్ గానీ శాటిస్‌ఫ్యాక్టరీ గానీ ఉంటే మొత్తం గుడ్. ఆ రెండింటిలో నాలుగో అంశం, అంటే స్టాక్ సంగతి, తప్పనిసరిగా ఉండాలి. కాబట్టి మీ హాజరు 90 శాతం ఉండి, ఇంకో అంశంలో కూడా కనీసం శాటిస్‌ఫ్యాక్టరీ ఉంటే, స్టాక్‌లో శాటిస్‌ఫ్యాక్టరీతోనే మీ ఏపీఏఆర్ (ఏడాది పనితీరు నివేదిక) గుడ్‌కి వెళ్తుంది. 12 నుంచి 13ఏకి చివరి మూడేళ్లలో కనీసం రెండేళ్లు గుడ్ లేదా శాటిస్‌ఫ్యాక్టరీ ఉంటే చాలు, దాంతోపాటు చెప్పిన ట్రైనింగ్‌లలో ఒకటి, ఆపైన ఇంటర్వ్యూ. పుస్తకాలు మూసేసి సాధించేది ఇందులో ఏమీ లేదు. ఈ మాట మీ మేనేజ్‌మెంట్‌కి కాగితం మీద పెట్టి చూపించండి.

రెండో సంగతి. ఆ 290 ఎన్నేళ్ల లెక్క? అంతకుముందు వెరిఫికేషన్ ఎప్పుడు జరిగింది? కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ రూల్ ఉంది. 20,000 పుస్తకాల వరకు ఉన్న లైబ్రరీ ఏటా పూర్తి వెరిఫికేషన్ చేయాలి, 20,000 నుంచి 50,000 వరకు అయితే కనీసం మూడేళ్లకి ఒకసారి, 50,000 దాటితే మూడేళ్లకి మించకుండా శాంపిల్ చూస్తే సరిపోతుంది. మీరు రెండో కోవలోకి వస్తారు. మీది మూడేళ్లకి చేసిన వెరిఫికేషన్ అయితే 290ని మూడుతో భాగించండి, ఏడాదికి వంద లోపు. మొత్తం స్టాక్ మీద అది పావు శాతం కూడా కాదు. మూడేళ్ల నష్టాన్ని ఒక ఏడాది ఏపీఏఆర్‌లో మోపితే అది అన్యాయం, దాన్ని ఒప్పుకోకండి.

అదే రూల్‌లో ఇంకో మాట ఉంది, మీకు అసలు కావాల్సింది అదే. ఏడాదిలో ఇష్యూ అయిన, లైబ్రరీలో చూసిన ప్రతి 1,000 పుస్తకాలకి ఐదు పోతే అది సహజ నష్టంగా తీసుకోవచ్చు, నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేనంతవరకు. ఇక్కడ లెక్క బీరువాలో ఉన్న పుస్తకాల మీద కాదు, చేతులు మారిన పుస్తకాల మీద. మీ 31,000 ఇష్యూలకే ఏడాదికి 155 దాకా అవుతుంది, లోపల కూర్చుని చదివినవి కలపకుండానే. యూజీసీ టేబుల్‌లో 0.5 శాతం అన్నారు కానీ దేని మీద శాతమో విడమరిచి రాయలేదు, అలవాటుగా అందరూ మొత్తం స్టాక్ మీద వేస్తున్నారు. చదివేవాళ్లు లేని లైబ్రరీలో ఏమీ పోదు. అలాంటి లైబ్రరీ నడిపినవాళ్లకి గుడ్, మీకు శాటిస్‌ఫ్యాక్టరీ వస్తుంది. నేను కమిటీల్లో కూర్చున్న కాలమంతా వాదించింది ఇదే, ఇప్పుడూ అదే అంటాను.

ఒక జాగ్రత్త. 1,000 రూపాయలు దాటిన పుస్తకం పోయినా, ధరతో సంబంధం లేకుండా అరుదైన పుస్తకం పోయినా విచారణ జరపాల్సిందే అని అదే రూల్ చెప్తుంది. మీ 290లో అలాంటివి ఎన్నో విడిగా తీసి, ఏం చేశారో రాయండి. ఈ రూల్స్ కేంద్ర ప్రభుత్వానివి, మీ ఎయిడెడ్ కాలేజీకి మీ రాష్ట్ర శాఖ కోడ్ వర్తిస్తుంది, అయినా కొలమానంగా చూపిస్తే ఆడిటర్‌కి కూడా అర్థమయ్యే భాష ఇది.

మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పునాది వేసిన రంగనాథన్ గారు 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యారు, ఐదు సూత్రాలు 1931లో వచ్చాయి, అందులో మొదటిదే పుస్తకాలు వాడకం కోసం అని. పాఠకుణ్ణి బీరువా దాకా రానివ్వాలని వాదించినాయన ఆఖరికి మీ బెంగళూరులోనే లైబ్రరీ శిక్షణా కేంద్రం డీఆర్‌టీసీ పెట్టారు, 1962లో. ఆ ఊళ్లో ఒక లైబ్రేరియన్ పుస్తకాలు తెరిచినందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం నాకు మింగుడుపడటం లేదు.

జయనగర్ ఎకనామిక్స్

నేను లైబ్రేరియన్‌ని కాదు, టీచర్‌ని, కాబట్టి అవతలి వైపు మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను మేడమ్, తప్పుగా అనుకోవద్దు. లెవెల్ 12 మొదటి బేసిక్ 79,800, లెవెల్ 13ఏ 1,31,400. క్యాస్‌లో ఇంత పెద్ద అడుగు ఇంకెక్కడా లేదు. దానికి కాలేజీలో ఉన్న అందరికీ ఒకే రకమైన కొలత ఉండాలని మా వాళ్లు అనుకోవడంలో అసూయ ఏమీ లేదు. లైబ్రేరియన్లు మేమూ అకడమిక్ స్టాఫే అంటారు, స్కేళ్లు అడుగుతారు, అది న్యాయమే, నేనూ సమర్థిస్తాను. అలాంటప్పుడు అకడమిక్ అన్న పదవికి తగ్గ రాత కొంతైనా కనిపించాలి కదా. ఒక రంగంలో పదిహేనేళ్లు పైగా పనిచేసినవాళ్లకి ఆ రంగం గురించి నలుగురితో పంచుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మీరు ఓపెన్ యాక్సెస్ పెట్టాక ఇష్యూలు ఎలా మారాయో, ఏ సబ్జెక్ట్ పుస్తకాలు ఎక్కువ కదిలాయో, ఎక్కడ పోయాయో, అది ఒక పేపర్ కాదా? ఐదారు అని సంఖ్య పెట్టడం నాకూ ఇష్టం లేదు. కానీ పేపర్లే వద్దు అని నోట్ రాస్తే మాత్రం రేపు మీ హోదానే తగ్గించి మాట్లాడతారు, మీరు సపోర్ట్ స్టాఫ్ అంటారు. అది మీకే నష్టం.

పల్లావరం లైబ్రరీ (చెన్నై)

అక్కా, నేను ఇక్కడ చెన్నైలో ఒక ఎయిడెడ్ కాలేజీలో చేస్తున్నాను, మాది నెల్లూరు. మీకంటే చాలా జూనియర్‌ని, పోయినేడాదే 10 నుంచి 11కి వచ్చాను, ఆ ఫైల్ తయారు చేయడంలో పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. అందుకే ఫైల్ గురించే చెప్తాను.

ముందు జయనగర్ సార్‌కి. సార్, మీరు చెప్పినట్టు అందరికీ ఒకే కొలత అంటే, 2018 రెగ్యులేషన్స్‌లో కాలేజీ టీచర్లకి కూడా 12 నుంచి 13ఏకి ఇన్ని పేపర్లు ఉండాలని సంఖ్య లేదు. పీహెచ్‌డీ ఉండాలి, కోర్సు ఉండాలి, ఏపీఏఆర్‌లు ఉండాలి. పది పేపర్ల షరతు వచ్చేది 14కి, ప్రొఫెసర్ అయ్యేటప్పుడు. మరి టీచర్‌కి అడగని సంఖ్యని లైబ్రేరియన్‌కి ఎలా పెడతారు? లైబ్రేరియన్ టేబుల్‌లో పేపర్ అన్నది ఐదో అంశం కింద ఉన్న ఆరు పనుల్లో ఒకటి, ఆ ఆరింటిలో ఏ రెండు చేసినా గుడ్. పైగా అక్కడ రాసింది యూజీసీ ఆమోదించిన జర్నల్ అని. ఆమోదించిన జర్నల్స్ జాబితా అయిన యూజీసీ కేర్ లిస్ట్‌ని 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, ఇప్పుడు ఏ జర్నల్ మంచిదో కాలేజీలే చూసుకోవాలి. ఈ స్థితిలో ఐదు పేపర్లు కావాలి అని రాస్తే డబ్బు కట్టి అచ్చు వేయించుకునే జర్నల్స్‌కి దారి చూపించినట్టే అవుతుంది.

ఇక ఫైల్ సంగతి అక్కా. అడ్మిషన్లు, పరీక్షలు, కాలేజీ పరిపాలన పనుల్లో సాయం అన్నది కూడా ఆ ఆరింటిలో ఉంది. మనం అందరం న్యాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థ) వస్తే రాత్రి దాకా కూర్చుంటాం, పరీక్షల డ్యూటీ చేస్తాం, కానీ నోటి మాట మీద చేస్తాం. నా దగ్గర ఒక్క ఆర్డర్ కాపీ కూడా లేక మూడు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగాను. ప్రిన్సిపాల్ గారు మీ పక్షాన ఉన్నారు కాబట్టి చేసిన ప్రతి డ్యూటీకి ఇప్పుడే ఆర్డర్ గానీ సర్టిఫికెట్ గానీ తీసుకోండి. హాజరు శాతానికి కూడా అదే. బయట ట్రైనింగ్‌కి వెళ్లిన రోజులకి ఓడీ (ఆన్ డ్యూటీ) ఆర్డర్ లేకపోతే ఆబ్సెంట్‌గా లెక్క పడే ప్రమాదం ఉంది. మెడికల్ లీవ్, చైల్డ్ కేర్ లీవ్ లాంటివి ఉంటే టీచర్ల టేబుల్ కింద ఒక నోట్ ఉంది, పెయిడ్ లీవ్‌లో ఉన్న కాలాన్ని గ్రేడ్ లెక్కలోంచి తీసేయాలని. మన టేబుల్‌లో హాజరు కావాల్సిన రోజుల్లో ఎంత శాతం హాజరయ్యారు అనే ఉంది కాబట్టి మంజూరైన సెలవు రోజులు హాజరు కావాల్సిన రోజులు కావు అని మా దగ్గర వాదించి ఒప్పించాం.

కాటలాగ్ విషయం కూడా చూసుకోండి. పుస్తకాలు, జర్నల్స్ 100 శాతం డేటాబేస్‌లో ఉంటేనే గుడ్, 99 శాతం ఉంటే శాటిస్‌ఫ్యాక్టరీ. 98 ఉన్నా రెండూ కాదు. మూల గదిలో డొనేషన్ పుస్తకాలు కట్టలు కట్టి ఉంటే అవి ఇప్పుడే ఎక్కించండి.

తుంగభద్ర (బెంగళూరు)

పెద్దాయన గారికి నమస్కారాలు. అంతకుముందు వెరిఫికేషన్ కోవిడ్‌కి ముందు జరిగింది, మధ్యలో ఎవరూ పట్టించుకోలేదు. అంటే మూడేళ్ల కంటే ఎక్కువే. మూసి ఉన్న రోజుల్లో పోయినవి కూడా ఇందులో ఉన్నాయన్నమాట. ఇంతవరకు ఆ కోణంలో ఎవరూ మాట్లాడలేదు, రేపే యాక్సెషన్ నంబర్ల (ప్రతి పుస్తకానికి రిజిస్టర్‌లో ఇచ్చే నంబర్) వారీగా చివరి ఇష్యూ తేదీ తీసి చూస్తాను, మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో ఆ రిపోర్ట్ వస్తుంది. ఓపెన్ చేయకముందే కదలిక ఆగిపోయిన పుస్తకాలు ఎన్నో తెలుస్తాయి.

పల్లావరం తమ్ముడో చెల్లెలో తెలియదు, నువ్వు చెప్పిన మూల గది మా దగ్గర నిజంగానే ఉంది. ఒక పాత కుటుంబం వాళ్లు ఇచ్చిన కన్నడ, తెలుగు పుస్తకాలు, కొన్ని సంస్కృతం. వీటిని ఇంగ్లీష్ అక్షరాల్లో టైటిల్ కొట్టి ఎక్కించేయమంటే ఎప్పుడో అయిపోయేది, కానీ అలా చేస్తే తెలుగు చదివే పిల్లలు వెతికినప్పుడు దొరకవు. కాటలాగ్ రికార్డుల ప్రమాణం మార్క్ 21లో వేరే లిపి కోసం 880 ఫీల్డ్ ఉంది కదా, అందులో తెలుగు, కన్నడ లిపిలోనే టైటిల్, రచయిత పేరు ఇచ్చుకుంటూ వస్తున్నాను. నెమ్మదిగా సాగుతోంది. హిందూపురం, చిక్కబళ్లాపురం వైపు నుంచి వచ్చే పిల్లలు మా దగ్గర చాలామంది, ఇంట్లో తెలుగు, స్కూల్లో కన్నడ, ఇక్కడ అంతా ఇంగ్లీష్. మొదటి సెమిస్టర్‌లో టెక్స్ట్ బుక్ అర్థం కాక లైబ్రరీకి వచ్చి ఊరికే కూర్చుంటారు. వాళ్లకి ముందు సొంత భాష పుస్తకం చేతికిస్తే తర్వాత మిగతావి అడగడం మొదలుపెడతారు. నేను చూసిన మాట ఇది. ఇలాంటి పని ఏ అంశం కింద రాయాలో నాకు తెలియడం లేదు.

జయనగర్ సార్, మీరు చెప్పిన పేపర్ ఆలోచన నాకు నచ్చింది, మనస్ఫూర్తిగా అంటున్నాను. అది రాస్తాను. నా అభ్యంతరం పేపర్ మీద కాదు, లైబ్రేరియన్ మంచి చెడ్డలన్నీ పేపర్ల సంఖ్య మీద తేల్చడం మీద. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా పీహెచ్‌డీ చేస్తుంటే శోధగంగలో పాత థీసిస్‌లు వెతికిపెట్టడం, ఎన్-లిస్ట్ (కాలేజీలకి ఈ-పుస్తకాలు, జర్నల్స్ ఇచ్చే పోర్టల్) లాగిన్‌లు ఇప్పించడం, సిమిలారిటీ రిపోర్ట్ (రాతలో కాపీ ఎంత ఉందో చెప్పేది) తీసి ఎక్కడ సరిచేయాలో చెప్పడం, ఇవన్నీ లైబ్రేరియనే చేస్తారు. ఆ రాత మీ పేరు మీద వస్తుంది, రావాల్సిందే. కానీ దాని వెనక ఉన్న పని మాకు లెక్కలోకి రావాలి కదా.

యలహంక కాటలాగర్

ఎయిడెడ్‌లో ఉన్నవాళ్లకి కనీసం ఒక టేబుల్ ఉంది మేడమ్. నేను ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్నాను, పన్నెండేళ్లుగా అదే డిజిగ్నేషన్. మా దగ్గర క్యాస్ అన్న మాటే లేదు, ఏటా మేనేజ్‌మెంట్ ఎంత వేస్తే అంత. అందుకే మీ నోట్ ఎలా వస్తుందో నాకు చాలా ముఖ్యం. మీలాంటి కాలేజీల్లో ఒకటి రాసి పెడితే దాన్ని చూపించి మేం అడగగలం. ఒక్క కోరిక, ఒక్కరే నడిపే లైబ్రరీకీ పదిమంది ఉన్న లైబ్రరీకీ తేడా ఉండాలని అందులో రాయండి. జాతీయ స్థాయి సెమినార్ పెట్టాలంటే డబ్బు మేనేజ్‌మెంట్ ఇవ్వాలి, హాల్ ఇవ్వాలి, లైబ్రరీని ఆ రెండు రోజులు చూసుకునే మనిషి ఉండాలి. అవి ఇవ్వకుండా సెమినార్ ఎందుకు పెట్టలేదని అడిగితే ఎలా? అదృష్టం కొద్దీ కాలేజీ స్థాయిలో నాలుగు పెట్టినా శాటిస్‌ఫ్యాక్టరీ అని టేబుల్‌లో ఉంది, చాలామందికి ఆ సంగతి తెలియదు.

మారతహళ్లి నుంచి

నేను లైబ్రరీ మనిషిని కాదు, సాఫ్ట్‌వేర్. తెలుగు మీడియంలో చదివి బెంగళూరులో డిగ్రీ చేశాను, మా కాలేజీలో స్లిప్ పద్ధతే. స్లిప్ మీద ఏం రాయాలో తెలిస్తేనే పుస్తకం వస్తుంది, నాకు పేర్లే తెలియవు, మూడేళ్లలో బీరువాల దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. అడగడానికి భాష రాని పిల్లలకి ఓపెన్ యాక్సెస్ ఎంత మేలో లెక్కల్లో రాయలేరేమో కానీ మేడమ్, కమిటీ ముందు మీ పాత విద్యార్థుల మాట పెట్టే వీలుంటే పెట్టండి. పుస్తకాలు మాత్రం మూయకండి.

చేపాక్ పెద్దాయన (చెన్నై)

తుంగభద్ర గారూ, చర్చ బాగా నడిచింది. నోట్ గురించి నా అభిప్రాయం చెప్తాను.

అర్హత షరతులు, కమిటీ చూడాల్సిన సాక్ష్యం, ఈ రెండింటినీ కలపకండి. షరతులు యూజీసీవి, వాటికి ఒక్కటి కూడా అదనంగా చేర్చకూడదని నా గట్టి అభిప్రాయం, మీకు అనుకూలమైనది అయినా సరే. ఈరోజు మీరు వాడకం శాతం అని ఒక షరతు పెడితే రేపు ఇంకొకరు ఐదు పేపర్లు అని పెడతారు. ఇంటర్వ్యూలో కమిటీ ఏ సాక్ష్యం చూసి సీనియర్ అని నిర్ణయించాలి అన్నంతవరకే మీ నోట్ ఉండనివ్వండి.

అక్కడ వాడకాన్ని మొదట పెట్టండి. ఇది మీ సొంత కోరికలా కనిపించకుండా ఉండాలంటే న్యాక్‌ని పట్టుకోండి. న్యాక్ నాలుగో క్రైటీరియన్‌లో లైబ్రరీకి ఒక భాగమే ఉండేది, రోజుకి ఎంత శాతం టీచర్లు, విద్యార్థులు లైబ్రరీ వాడుతున్నారు, ఆన్‌లైన్ లాగిన్‌లు ఎన్ని అని సెల్ఫ్ స్టడీ రిపోర్ట్ పాత మాన్యువల్‌లో అడిగారు. కాలేజీకి గ్రేడు రావడానికి ఏ అంకె ఇచ్చారో ఆ అంకెని తెచ్చిన మనిషిని అంచనా వేసేటప్పుడు కూడా అదే చూడమని అడుగుతున్నాం అని రాయండి. దీన్ని కాదనడం మీ ఐక్యూఏసీకి (కాలేజీ నాణ్యత చూసే సెల్) కష్టం. గేట్ రిజిస్టర్, ఇష్యూ లెక్కలు, ఎన్-లిస్ట్ వాడకం, ఓపెన్ యాక్సెస్‌కి ముందు ఏడాదివీ తర్వాతవీ పక్కపక్కన పెట్టండి. టేబుల్ 4 చివర నోట్‌లో ఇంకో మాట కూడా ఉంది, పాఠకుల ఫిర్యాదులు ఎలా నమోదు చేస్తున్నారు, ఎన్ని పరిష్కరించారు అన్న వివరాలు క్యాస్ కమిటీకి ఇవ్వొచ్చని. పాఠకుడి మాట ఆ టేబుల్‌లో వినిపించే చోటు అదొక్కటే, దాన్ని వదలకండి. మారతహళ్లి బాబు చెప్పినది కూడా దాని పక్కనే చేరుతుంది.

మీ తెలుగు, కన్నడ కాటలాగింగ్‌ని మూడో అంశంలో శాతంగా చూపించండి, మొదటి సెమిస్టర్ పిల్లలకి మీరు చేసేది ఒక వారం ఓరియెంటేషన్‌గా పేరు పెట్టి, తేదీలు, హాజరు పట్టీతో నడిపితే షార్ట్ టర్మ్ కోర్సు కింద ఐదో అంశంలోకి వస్తుంది. పైగా 14కి వెళ్లేటప్పుడు కొత్త తరహా లైబ్రరీ సేవల సాక్ష్యం అడుగుతారు, అప్పుడు ఇదే అక్కరకొస్తుంది. జయనగర్ గారు చెప్పిన పేపర్ కూడా రాయండి, ఆయన సలహా మంచిది.

దరఖాస్తు మాత్రం అర్హత తేదీ కంటే మూడు నెలలు ముందే పెట్టొచ్చు, ఆలస్యం చేయకండి. ఒకసారి తిరస్కరిస్తే మళ్ళీ చూసేది ఏడాది తర్వాతే, అప్పుడు ప్రమోషన్ తేదీ కూడా వెనక్కి పోతుంది.

తుంగభద్ర (బెంగళూరు)

చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఒక్క సందేహం మిగిలింది. పోయిన పుస్తకాల లిస్ట్ మొత్తం నోట్‌కి జోడించాలా, లేక శాతం మాత్రం చెప్తే చాలా? లిస్ట్ పెడితే ఒక్కో పుస్తకం మీద ప్రశ్నలు వస్తాయేమో అని.

చేపాక్ పెద్దాయన (చెన్నై)

నోట్‌కి వద్దు, మీ ఏపీఏఆర్ ఫైల్‌కి జోడించండి. మొత్తం లిస్ట్ పెట్టండి, యాక్సెషన్ నంబర్, ధర, చివరి ఇష్యూ తేదీతో సహా. 1,000 రూపాయలు దాటినవి మొదటి పేజీలో, వాటి మీద ఏం విచారణ జరిగిందో పక్క గడిలో. వెరిఫికేషన్ చేసిన టీమ్ సంతకాలు, అందులో లైబ్రరీ బయటివాళ్లు కనీసం ఒకరు ఉండాలి. లేకపోతే ఇప్పుడైనా ఒక టీచర్‌తో కొంత భాగం మళ్ళీ చూపించి సంతకం తీసుకోండి. ప్రశ్నలు వస్తే రానివ్వండి, లిస్ట్ పెట్టినవాళ్లని అడిగే ప్రశ్నలకి జవాబు ఉంటుంది. మీ హెచ్ఓడీలలో ఒకరినే ఆ టీమ్‌లోకి పిలవండి, ఒక మధ్యాహ్నం మీతో పాటు బీరువాల మధ్య తిరిగితే పేపర్ల సంఖ్య గురించి ఆయన మాట కొంచెం మారొచ్చు.